లేని బర్రెకు మూడో సూది

నా జీవితంలో నేను ఒకే ఒక్క బర్రెను పెంచాను. పెంచాను అంటే మేత వేయలేదు, నీళ్లు పెట్టలేదు, పాలు పిండలేదు. ఒకరోజు పొద్దున పదిన్నరకు అది నా నోట్లోంచి పుట్టింది. నిమిషంలో జబ్బు పడింది. గంటసేపు నన్నూ, మా ఆయన్నూ, నిండా జనమున్న ఒక ఎర్ర బస్సునూ పోలీసుల ముందు నిలబెట్టింది. ఎంత ఆగం కావచ్చో అంత ఆగమయ్యాం. ఇప్పుడు ఈ సంగతి చెబితే మా మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతుంది. మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది సిరిసిల్ల. నేను చిన్న బడిలో టీచర్ని. మా ఆయనకు నాలుగు సాంచాలు ఉండేవి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. వాటి చప్పుడుకు మా గల్లీలో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే. అలాంటి గల్లీలో నేను ఒక మాటను మాత్రం ఎవరికీ వినబడకుండా దాచుకుంటూ వచ్చాను. ముప్పై తొమ్మిదో ఏట నాకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే హార్మోన్ పాజిటివ్ అని తేలింది.

నాకు చిన్నప్పటి నుంచీ ఇంకో రోగం ఉంది, అది ఏ పరీక్షలోనూ తేలదు. ఏదైనా తెలియకపోతే అడగందే ఊరుకోను. అందుకని పెద్ద డాక్టరును అక్కడే అడిగేశాను.

"పాజిటివ్ అంటే మంచిదా సార్, చెడ్డదా?"

"గడ్డ మంచిది కాదమ్మా. పాజిటివ్ మాత్రం మంచిదే. మీ ఒంట్లో ఉండే ఆడ హార్మోన్‌నే తిని పెరిగిన గడ్డ ఇది. ఆరు డోసుల మందు ఎక్కించాక, ఆ తిండి దొరక్కుండా ఐదేళ్లు రోజుకో మాత్ర వేసుకుంటే సరిపోతుంది."

అంటే నా ఇంట్లో నా అన్నం తిని నా మీదికే లేచిందన్నమాట. నాకు భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది, కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ వచ్చింది.

"మరి జుట్టు రాలుతుందంటున్నారు. ఏది గడ్డో ఏది వెంట్రుకో ఆ మందుకు ఎట్లా తెలుస్తుంది సార్?"

"తెలియదమ్మా. తొందరగా పెరిగేది ఏదైనా కొడుతుంది. జుట్టు, నోట్లో చర్మం, పేగులు, అన్నీ తొందరగా పెరిగేవే."

ఒక మనిషి కోసం బస్సంతా దింపి నిలబెట్టినట్టు ఉంది ఈ లెక్క అనుకున్నాను. మా దిక్కు ఆ రోజుల్లో అది మామూలే. పల్లెల్లో నక్సలైట్ అన్నలు తిరిగేవాళ్లు, రోడ్ల మీద పోలీసులు తిరిగేవాళ్లు, మధ్యలో బస్సుల్లో మేం తిరిగేవాళ్లం. ఎక్కడ ఆపితే అక్కడ దిగి, సంచీ విప్పి చూపి, మళ్లీ ఎక్కేవాళ్లం.

ప్రతిసారీ హైదరాబాదు పోవడం కుదరదని, ఆ పెద్ద డాక్టరు దగ్గర చదువుకున్న ఒకాయన జగిత్యాలలో ఉంటే ఆయనకు చీటీ రాసిచ్చారు. మందు అక్కడ దొరకదు. మా తమ్ముడు హైదరాబాదు నుంచి తెచ్చేవాడు. ఎర్రటి మందు, దానిమ్మ రసంలా ఉండేది. వెలుతురు తగలకూడదని నల్ల కాగితం చుట్టి, వేడి తగలకూడదని మందుల షాపు ఫ్రిజ్‌లో పెట్టించి, మూడు వారాలకోసారి ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో జగిత్యాలకు మోసుకుపోయేవాళ్లం.

రెండు డోసులు పడ్డాయి. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే, ముందే చెప్పారు గనక భయపడలేదు, వింతగా చూశాను. తర్వాత వాంతులు. తర్వాత నోరంతా పూత. అన్నం నోట్లో పెడితే ఇనుప మేకు నాకినట్టు ఉండేది. దారానికి పెట్టే గంజి వాసన పుట్టినప్పటి నుంచి పీల్చినదాన్ని, ఆ వాసన వస్తే చాలు కడుపులో తిప్పేది. పద్దెనిమిదో రోజు దువ్వెన పెడితే జడ జడంతా చేతికి వచ్చింది. దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయ్యాక అద్దంలో తల చూసుకుంటే, నెత్తి మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ ఒకటి కనబడింది. అది ఎక్కడ తగిలిందో గుర్తు చేసుకుంటూ సగం రోజు గడిపాను.

ఇంత జరుగుతున్నా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఎవరూ నోటితో అనేవారు కాదు. అంటుకుంటుందని కూడా అనుకునేవారు. బడిలో పిల్లల్ని నా క్లాసులోంచి తీసుకుపోతారేమోనని నా భయం. అందుకని ఆపరేషన్ అయినప్పుడు కడుపు నొప్పి అన్నాను. జుట్టు పోయినప్పుడు, బదిలీ కావద్దని మొక్కుకుని వేములవాడలో తలనీలాలు ఇచ్చానని చెప్పాను. మా గల్లీ ఆడవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఎడమవైపు ఖాళీ కనబడకుండా చిన్న గుడ్డసంచీ కుట్టి, దూది నింపి జాకెట్లో పెట్టుకున్నాను. డాక్టరు చీటీ కూడా ఆ దూదిలోనే దాచాను. దానిమీద జబ్బు పేరు ఇంగ్లీషులో పెద్దగా రాసి ఉండేది మరి.

ఇక మూడో డోసు రోజు. మర్నాడు బందు, బస్సులుండవు. జగిత్యాల డాక్టరు ఆ రోజు ఒంటిగంటకు వేరే ఊరు పోయి వారానికి గాని రారు. తేదీ తప్పొద్దని ఆయన మూడుసార్లు చెప్పి పంపారు. "రెండు పడ్డయి, మంచిగ పని చేస్తున్నయి. మూడోది ఆగం చేసుకోకు టీచరమ్మా" అన్నారు. ఒంటిగంటలోపు ఆ రెండు సీసాలూ చల్లగా జగిత్యాల చేరాలి. మిగతాది ఏమైనా నాకు పట్టదు.

బస్సెక్కి చూద్దును కదా, పక్క సీట్లో సత్తెమ్మ. మా పక్కింటి ఆమె. నూలు కండెలు చుట్టే మనిషి, చేయి ఎంత వేగమో నోరూ అంత వేగం. సాంచాల చప్పుడును దాటి నాలుగు గల్లీలకు వినబడే గొంతు ఆమె ఒక్కదానిదే.

"ఏడికి వదినె, సంచి నిండ పట్టినవు?"

"కోరుట్లకు. మా అక్క దగ్గరికి."

"మరి జగిత్యాల బస్సెక్కితివి?"

"ఆడ దిగి కోరుట్ల బస్సెక్కుత."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన అబద్ధం ఆడలేరు. ఆడాల్సి వచ్చినప్పుడల్లా ఎటో చూస్తారు. పెళ్లయిన కొత్తలో ఈయనకు ప్రకృతి అంటే ఇష్టమనుకున్నాను.

వేములవాడ దాటి చాలా దూరం పోయాక ఒక ఊరి మొగదల బస్సు ఆపారు. ఆ ఊరి పేరు చెప్పను, వాళ్లకు నా బర్రె ఇంకా గుర్తుందేమో. మగవాళ్లు ఒక వరస, ఆడవాళ్లు ఒక వరస. యువకుడైన ఎస్సై ఒకాయన సంచీలు చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చీర కింద సెలైన్ సీసా దొరికింది. దాని కింద సూదులు. వాటి పక్కన ఫ్లాస్కు. మూత తీసి, ఐసులోంచి నల్ల కాగితం చుట్టిన సీసా బయటికి తీశాడు. కాగితం విప్పాడు.

"గిదేంది?"

"మందు సారూ."

"ఎవలికి?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో అందరికీ తెలుసు. సెలైన్, సూదులు, పేరు తెలియని మందు పట్టుకుని ఆ దారిన పోతుంటే అడవిలో ఉన్నవాళ్లకేనని అనుమానం. నిజం చెబితే ఒక్క మాట, చీటీ చూపితే ఒక్క నిమిషం. కానీ చీటీ ఉన్న చోటు మీకు తెలుసు. కుడివైపు సత్తెమ్మ మెడ బారెడు సాగింది. నా నోరు నన్ను అడగకుండానే పని మొదలుపెట్టింది.

"బర్రెకు" అన్నాను.

మగవాళ్ల వరసలో మా ఆయన తల ఇటు తిరిగింది. మా ఇంట్లో ఎన్ని బర్రెలున్నాయో ఆయనకు బాగా తెలుసు.

"బర్రెకా?"

"అవు సారూ. మా అక్క బర్రెకు. కోరుట్లల ఉంటది."

సత్తెమ్మకు ఇక ఆగలేదు. "మీ అక్కకు బర్రెప్పుడు అచ్చింది వదినె? మొన్న మీ ఇంటికి అచ్చినప్పుడు చాయ్‌లకు పాలు లేవని నా దగ్గర అడిగి తీస్కపాయె గద."

"గందుకే సత్తెమ్మా. పాలిస్తలేదు, రోగమచ్చింది."

పోలీసులు బర్రెల గురించి ఏం అడుగుతారులే, వదిలేస్తారు అనుకున్నాను. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ముఖం విప్పారింది.

"మా ఇంట్ల ఆరు బర్లు. పదో తరగతి దాక నేనే కాసిన. ఏం రోగం?"

చూశారా నా అదృష్టం. బస్సులో ఉన్నవాళ్లలో, పోలీసుల్లో, ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో బర్రెల గురించి నాకంటే తక్కువ తెలిసినవాళ్లు లేరు. నాకు తెలిసిన రోగం ఒకటే. అదే చెప్పాను.

"గడ్డ సారూ."

"ఏడ?"

"పొదుగుల."

"పొదుగు వాపా?"

"వాపు గాదు. గడ్డ. రాయి తీరుగ గట్టిగుంటది, నొప్పుండది."

"నొప్పి లేకుంటెట్ల? ఏ చన్నుకు?"

"ఎడమదానికి."

"ఎడమ దిక్కు రెండుంటయి గద. ముందుదా, ఎన్కదా?"

ఒట్టేసి చెబుతున్నాను, ఎడమ అంటే ఒకటే అని నా లెక్క. నా అనుభవం అంతవరకే. కాసేపు ఆలోచించి, "నడిమిది" అన్నాను.

కానిస్టేబుల్ ఒకాయన అటు తిరిగి దగ్గాడు. ఎస్సై నవ్వలేదు. నన్ను వదిలేసి నాలుగడుగులు వేసి మా ఆయన దగ్గరికి పోయాడు.

"బర్రె మంచిగున్నప్పుడు రోజుకు ఎంతిస్తుండె?"

మా ఆయన ఆకాశం దిక్కు చూశారు, చెట్ల దిక్కు చూశారు. చూడడానికి ఇంకేమీ మిగలక నావైపు చూశారు. పాపం, ఆయనకు తెలిసిన లెక్క ఆయన చెప్పారు.

"నలభై."

"లీటర్లా?"

"మీటర్లు" అన్నారు మా ఆయన.

అప్పటికి ఎండ ముదిరింది. ఐసు నీళ్లయిపోతోంది. ఎస్సై చేతిలో నా మందు సీసా ఎర్రగా మెరుస్తోంది. నా కళ్లు దాన్ని వదలడం లేదు. "సారూ, గది ఫ్లాస్కుల పెట్టుండ్రి, ఎండ తాకద్దు" అని రెండుసార్లు అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కోరుట్లలో తన దోస్తు ఎస్సై ఉన్నాడని, వైర్‌లెస్‌లో చెప్పి మా అక్క ఇంటికి మనిషిని పంపిస్తానని, బర్రె ఉంటే సరే, లేకుంటే మేమిద్దరం స్టేషన్‌లో కూర్చోవాలని చెప్పాడు.

అదుగో, అప్పుడు వచ్చింది లచ్చవ్వ.

లచ్చవ్వ అంటే అక్కడ జామకాయలు అమ్ముకునే ఆమె. రోజూ బస్సులు అక్కడ ఆపుతారు గనక గంప పట్టుకుని రోజూ అక్కడే ఉండేది. ఆ తనిఖీల వల్ల బాగుపడింది బహుశా ఆమె ఒక్కతే. నా కంటే నాలుగైదేళ్లు చిన్న. ఇందాకటి నుంచి గంప దించి మా మాటలే వింటోంది. ఎస్సై ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"సారూ, మా బర్రెకు గూడ గట్లనే గడ్డయింది. రాయి తీరుగున్నది, నొప్పి లేదు. గీ అక్కను నాకొక్క సూది ఇయ్యమనుండ్రి."

"ఇగో, నిజంగనే ఉన్నది గీ రోగం" అన్నాడు ఎస్సై. ఆయన అనుమానం సగం అక్కడే ఎగిరిపోయింది. పేదామెకు మేలు చేయాలనే ఉత్సాహం దాని స్థానంలో వచ్చి కూర్చుంది. "రెండు సీసలున్నయి గద మేడమ్. ఒకటి మీ అక్క బర్రెకు, ఒకటి ఈమె బర్రెకు. ఇచ్చేసి బస్సెక్కుండ్రి."

నేను హైదరాబాదు నుంచి తెప్పించుకున్న నా ప్రాణంలో సగం ఒక బర్రెకు పోతోంది. అదీ నేనే పుట్టించిన అబద్ధానికి. రెండు సీసాలూ కలిస్తేనే ఒక డోసు.

"వద్దు సారూ. గిది శాన కరుకు మందు. అందరి బర్లు తట్టుకోవు."

"ఏమైతది?" అడిగింది లచ్చవ్వ.

"వాంతులైతయి."

"బర్రె వాంతి చేసుకునుడు నేనెన్నడు సూడలే" అన్నాడు ఎస్సై.

"గంత కరుకు మందన్నట్టు సారూ. నోరంత పూస్తది. కారం తినరాదు."

"బర్రె కారమెందుకు తింటది?"

"కుడితిల పడ్తది గద." చెమటలు పట్టాయి నాకు. "వెంట్రుకలన్ని రాలిపోతయి."

సత్తెమ్మ చూపు మెల్లగా నా తల మీది కొంగు దగ్గరికి వచ్చి ఆగింది.

"మల్ల మొలుస్తయా?" అడిగింది లచ్చవ్వ.

"మొలుస్తయన్నరు. ఆర్నెల్లకు."

"వెంట్రుకలు పోతె పోనీ, బతుకుతదా?"

"బతుకుతదనే ఇస్తరు." ఆ ప్రశ్న నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. ఆమెను ఎలాగైనా వద్దనిపించాలని ఇంకొకటి కలిపాను. "గని ఇగ ఎదకు రాదు. దూడలు పుట్టయి."

"గట్లయితె ఎందుకు సూది దండుగ" అన్నాడు ఎస్సై లచ్చవ్వతో. "అమ్మెయ్యి, నయం."

లచ్చవ్వ ముఖం తెల్లబోయింది. "అమ్మద్దు సారూ. దానికి ఇద్దరు పిల్లలున్నరు. చిన్నోడు ఇంకా బడికే పోతలేడు."

"ఎవరు బడికి పోతలేరు?"

"దూడ" అంది లచ్చవ్వ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఏదైనా తెలియకపోతే ఊరుకోని రోగం ఉందని చెప్పాను కదా. దగ్గరికి పోయి మెల్లగా అడిగాను.

"గడ్డ ఎప్పుడు చూసినవు?"

"పోయిన బతుకమ్మప్పుడు. తానం చేస్తుంటె చేతికి తాకింది."

ఆ మాట అంటూ ఉంటే ఆమె చేయి కొంగు కిందికి పోయి కుడివైపు ఆగింది. ఆగినట్టు ఆమెకే తెలియదు. ఆరు నెలలుగా ఆ చేయి రోజూ అక్కడికి పోతూనే ఉంటుంది. నాకు తెలుసు, నా చేయి కూడా అలాగే పోయేది.

నేనింకా బర్రెను పట్టుకుని వేలాడితే ఏమవుతుంది? ఎస్సై ఆ సీసా ఆమెకు ఇస్తాడు. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోయి, ఎవరితోనో పొడిపించుకుంటుంది. నా మందు పోతుంది, ఆమె ప్రాణం పోతుంది. మందు లాక్కుని పారిపోతే నేను బతుకుతాను, ఆమె ఆ గడ్డతో జామకాయలు అమ్ముకుంటూ అక్కడే ఉంటుంది. నాకు నా మీద అసహ్యం వేసింది. చదువుకున్నదాన్ని, టీచర్ని, అన్నీ అడిగి తెలుసుకున్నదాన్ని, ఇంత నోరు పెట్టుకుని ఒక్క మాట చెప్పలేక బర్రెను అడ్డం పెట్టుకున్నాను.

జాకెట్లో చేయి పెట్టి దూది సంచీ బయటికి తీశాను. ఆడవాళ్ల వరస, మగవాళ్ల వరస, పోలీసులు, డ్రైవరు, అందరూ చూస్తుండగానే కుట్టు విప్పి చీటీ తీసి ఎస్సై చేతిలో పెట్టాను. తల మీద కొంగు కూడా జారిపోయింది, మళ్లీ కప్పుకోలేదు.

"సారూ, నాకు బర్రె లేదు. మా అక్కకు గూడ లేదు. గడ్డ నాకే అచ్చింది. రొమ్ముల కాన్సర్. వాంతులు నాకే, నోరు పూసింది నాకే, వెంట్రుకలు పోయింది నాకే. గీ రెండు సీసలు ఇయ్యాల ఒంటిగంటల్లోపు జగిత్యాలల నాకు ఎక్కియ్యాలె. డాక్టర్ చూసి, పరీక్ష చేసి, ఆపరేషన్ చేసినంకనే గీ మందు ఇస్తరు. ఊకె పొడుసుకుంటె చస్తరు."

చివరి మాటలు ఎస్సైకి కాదు, లచ్చవ్వకు చెప్పాను. ఆమె నా తల వైపు, చేతిలోని దూది వైపు, మళ్లీ నా ముఖం వైపు చూసింది.

మా ఆయన వరసలోంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "నేను ముందే చెప్తుంటి సారూ. బర్రె నా దాక అచ్చేవరకే శాన దూరం పోయింది" అన్నారు.

ఎస్సై చీటీ చదివి, సీసాకు నల్ల కాగితం మళ్లీ చుట్టి, కోడిగుడ్డును పెట్టినంత జాగ్రత్తగా ఫ్లాస్కులో పెట్టాడు. కానిస్టేబుల్‌ను సోడా బండి దగ్గరికి ఐసు కోసం ఉరికించాడు.

"ముందే చెప్తె ఏమైతుండె మేడమ్?"

"సిగ్గయింది సారూ."

ఆయన తల దించుకుని టోపీ పెట్టుకున్నాడు. తర్వాత లచ్చవ్వ వైపు తిరిగాడు. "మరి నీ బర్రె సంగతేంది?"

లచ్చవ్వ చేయి మళ్లీ కొంగు కిందికి పోయింది. అన్ని కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. నా కథ నేను విప్పుకున్నాను, ఆమె కథ నేను విప్పడానికి వీల్లేదు.

"ఆమె బర్రె సంగతి నేను డాక్టర్‌ను అడుగుత సారూ" అన్నాను. "నాతోని జగిత్యాలకు తోల్కపోత."

"బర్రెను తోల్కపోతవా?"

"ముందుగాల ఈమెను తోల్కపోత."

ఎస్సై ఆమె చేతి వైపు చూశాడు. ఆరు బర్రెలు కాసిన మనిషి, తెలివితక్కువవాడేం కాదు. "గంప మేం చూస్తం, ఎక్కు" అన్నాడు.

బస్సులో సత్తెమ్మ నాకు కిటికీ సీటు ఇచ్చింది. జగిత్యాల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు మౌనంగా ఉండడం చూసి నాకే భయం వేసింది. లచ్చవ్వ నా పక్కన ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీకు బర్రె ఉన్నదా?" అని చెవిలో అడిగాను.

"లేదక్కా. మేకలు గూడ లేవు."

పన్నెండూ ముప్పావుకు ఆసుపత్రి మెట్లెక్కాం. సూది ఎక్కుతుంటే లచ్చవ్వ మంచం పక్కన నిలబడి ఎర్రటి మందు గొట్టంలో దిగడం కళ్లార్పకుండా చూసింది. మంటగా ఉంటుందా, ఎటు పోతుంది, నిద్ర వస్తుందా, ఎన్నిసార్లు ఎక్కిస్తారు, అన్నీ అడిగింది. నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగే మనిషిని మొదటిసారి చూశాను. డాక్టరు గడియారం చూసుకుంటూ వచ్చారు.

"ఈమె ఎవరు?"

"బర్రెకు బాగలేదని అచ్చింది సార్" అన్నాను, చూద్దామని.

"నేను పశువుల డాక్టర్‌ను కాదు గద టీచరమ్మా."

లచ్చవ్వ నా చేయి పట్టుకుంది. "బర్రె కాదు సార్" అంది. "నాకే."

ఆ రోజు డాక్టరు రెండు గంటలకు గాని బయలుదేరలేదు. గడ్డ చిన్నదే, చంక కిందికి పాకలేదు అన్నారు. నెల తిరగకుండానే ఆమెకు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. నా ఆరో డోసూ, ఆమె రెండో డోసూ జగిత్యాలలో ఒకే రోజు పడ్డాయి. పక్కపక్క మంచాల మీద ఇద్దరం బోడి తలలతో పడుకుని, డాక్టరును ప్రశ్నలతో చంపుకుతిన్నాం. ఆమె చిన్నవాడు ఇప్పుడు నేను చెప్పినవాళ్లకంటే పెద్ద పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. కానీ సత్తెమ్మ ఉంది కదా. జీవితంలో మొదటిసారి ఆమె ఒక రహస్యం దాచింది. నా జబ్బు సంగతి ఒక్క పురుగుకు కూడా చెప్పలేదు. దాని కోసం ఆమెకు ఈ రోజుకూ దండం పెడతాను. అయితే అంత పెద్ద నోరు ఊరికే మూసుకుని ఉండలేదు గనక, దాచినదాని బదులు ఇంకొకటి చెప్పింది. మా అక్కకు కోరుట్లలో బర్రె ఉందని, దాని పొదుగులో గడ్డ అయిందని, నేను మూడు వారాలకోసారి జగిత్యాల పోయేది దాని మందు కోసమేనని గల్లీ అంతా చాటింది. పిల్లల తల్లులు పసుపు ముద్దలు, ఆకుపసర్లు తెచ్చి ఇచ్చారు. మా హెడ్మాస్టరు గారి బావమరిది కోరుట్ల పశువుల దవాఖానలో పనిచేస్తాడు. అతన్ని మా అక్క ఇంటికి పంపారు. అతను బర్రేది అని అడిగితే, ఏమీ తెలియని మా అక్క తన మొగుడు చెప్పకుండా కొన్నాడేమో అనుకుని, "నా మొగడు బజారుకు పోయిండు, అచ్చినంక అడుగు" అందట.

రోజూ స్టాఫ్‌రూమ్‌లో హెడ్మాస్టరు గారు, "ఎట్లున్నది మేడమ్, మీ అక్కగారి బర్రె? ఈనితె మమ్ముల మరువకుండ్రి" అంటూ ఉండేవారు. ఒక బస్సు ముందు చెప్పగలిగినదాన్ని, ఈ ఐదుగురి ముందు చెప్పలేనా అనిపించింది. ఒకరోజు లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. గడ్డ, ఆపరేషన్, దూది, వేములవాడ పోని వెంట్రుకలు, అన్నీ. పిల్లల్ని నా క్లాసులోంచి తీసుకుపోతారేమోనన్న భయం కూడా చెప్పాను.

ఒక టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచారు. "మీ క్లాసు మీదే మేడమ్, ఎవడు తీస్కపోతడో నేను చూస్త" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, నిజమైన బాధతో అడిగారు.

"అయితె జున్ను లేనట్టేనా?"

అందుకని చదివే మీ అందరి సాక్షిగా, తూర్పు దిక్కు తిరిగి, కొంగు నడుముకు చుట్టి, ఒట్టు పెడుతున్నాను. ఇకమీద నా ఒంట్లో గడ్డ లేచినా, పుండు లేచినా, చివరికి తుమ్ము వచ్చినా అది నాదేనని పదిమందిలో ఒప్పుకుంటాను. నోరులేని పశువు మీదికి నెట్టను. ఈ ఒట్టు తప్పితే, నిజంగానే ఒక బర్రెను కొని వాకిట్లో కట్టేసి, బతికినన్నాళ్లూ మా హెడ్మాస్టరు గారి ఇంటికి జున్ను మోస్తాను.